మూత మేస్త్రి పళ్ళెం

బాగుచేతకు వచ్చిన ప్రతి పళ్ళేనికీ చేయవలసిన పనులు నాలుగు. ముందు ఒక్క దెబ్బ కొట్టి వినాలి. తరువాత దీపం కింద పెట్టి అంచంతా పగులు వెతకాలి. పగులు లేకపోతే జిడ్డు వదిలేలా కడగాలి. ఉంటే ముక్కలు చేసి కొలిమికి ఇవ్వాలి. తాతల నాటి నుంచి కార్ఖానా గోడ మీద రాసి ఉన్న ఈ నాలుగు ముక్కలూ మేస్త్రి కూతురికి కంఠతా వచ్చు. ఆ ఉదయం మాత్రం ఆమె మొదటి మూడూ చేయదలుచుకోలేదు.

"డ్రమ్మర్ గారిదమ్మా. మధ్యాహ్నం వస్తారట. కడిగి ఉంచు. చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకో," అని యజమాని ఒక నల్లటి పళ్ళేన్ని ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఏ డ్రమ్మర్ గారు, బాబాయ్?"

"అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారేమిటి? ఆయనే."

బయటివాళ్ళు సింబల్ అంటారు. డ్రమ్ముల పక్కన స్టాండు మీద ఊగే ఆ కంచు వస్తువును కార్ఖానాలో పళ్ళెం అనే అంటారు. దాన్ని ఇంకా చేతి సుత్తితో కొట్టి తయారుచేసే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే డ్రమ్మర్లు ఇక్కడికి పుట్టింటికి వచ్చినట్టు వస్తారు. పళ్ళెం విరిగినా పారేయరు. ముక్కల్ని గుడ్డలో చుట్టి తెచ్చి, కరిగించి కొత్తదాంట్లో కలపమని బతిమాలతారు.

ఈ డ్రమ్మరూ అలా వచ్చినవాడే. పద్నాలుగేళ్ళ కిందట ఇదే గదిలో ఒక కొత్త పళ్ళేన్ని కొట్టి చూసి, "ఇది పళ్ళెం కాదయ్యా, గిన్నె మీద పెట్టుకునే మూత," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఇరవై ఏళ్ళు కొలిమికి బొగ్గు వేసి, అప్పుడే సుత్తి పట్టిన ఆమె తండ్రి తన చేత్తో చేసిన మొదటి పళ్ళెం అది. ఆ సాయంత్రమే యజమాని సుత్తి లాక్కుని మళ్ళీ బొగ్గు పార ఇచ్చాడు. పళ్ళెం ఏమైందని అడిగితే కొలిమిలో వేశామన్నాడు. అప్పటినుంచి తండ్రి పేరు మూత మేస్త్రి. చివరికి ఆస్పత్రిలో చూడడానికి వచ్చినవాళ్ళు కూడా, "మూత మేస్త్రి మంచం ఏది?" అనే అడిగారు.

మేస్త్రి కూతురు పళ్ళేన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఏళ్ళ తరబడి చెమట పట్టి నల్లబడింది. సుత్తి దెబ్బలు కూడా కనబడడం లేదు. అంచు మాత్రం ఎక్కడా చిట్లలేదని చేతికే తెలుస్తోంది. ఒక్క దెబ్బ కొట్టిందా, గంటలా మోగుతుంది. పగిలిన పళ్ళెం అలా మోగదని పక్క గదిలోని యజమాని చెవి ఇట్టే పట్టేస్తుంది.

అందుకని దాన్ని తడి గోనెసంచిలో చుట్టి, దాగలి ఇనపదిమ్మ అంచున పెట్టింది. సుత్తి ఎత్తింది. మొదటి దెబ్బ నవ్వినవాళ్ళ పేరు మీద. మిగతా మూడూ డ్రమ్మర్ పేరు మీదే. గోనెలోంచి మూలుగు కూడా బయటికి రాలేదు.

"ఎవరిది అమ్మాయ్?" అన్నాడు కొలిమి చూసుకునే మామ.

"డ్రమ్మర్ గారిది. పగిలింది మామా."

"అయ్యో. కొట్టి విన్నావా?"

"విన్నాను."

"నువ్వు విన్నాక ఇంక నేను వినేదేముంది? అచ్చం మీ నాన్న చెవి నీది," అంటూ ముక్కల్ని మూసలోకి జారవిడిచాడు. అందులో అప్పటికే కరుగుతున్న కంచులో అవి ఎర్రబడి, మెత్తబడి, కలిసిపోయాయి. ఆమె చివరి ముక్క మునిగేదాకా కదలలేదు.

మధ్యాహ్నం డ్రమ్మర్ చేతికర్ర పట్టుకుని వచ్చాడు. యజమాని కుర్చీ వేశాడు.

"పగులు కనబడిందండీ. రూలు ప్రకారం కరిగించేశాం," అంది ఆమె.

"నాతో ఒక్క మాట చెప్పకుండానా?" అని యజమాని లేవబోయాడు. డ్రమ్మర్ చెయ్యి అడ్డం పెట్టాడు. ముఖంలో నెత్తురు లేదు.

"నిన్న కూడా వాయించానే. కొట్టి చూశావా తల్లీ?"

పద్నాలుగేళ్ళుగా నాలుక కింద దాచుకున్న మాటను ఆమె తీరిగ్గా బయటికి తీసింది.

"చూశానండీ. గిన్నె మీద మూతలా మోగింది."

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఆమెకు కడుపు చల్లబడింది. ఆయన మాత్రం కాసేపటికి తనలో తాను నవ్వినట్టు తల ఆడించాడు.

"నేనూ అదే అన్నాను. ఇక్కడే. ఈ పళ్ళేన్నే."

యజమాని కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"ప్రాక్టీసుకు పనికొస్తుందని ఈయనే ఊరికే పట్టుకుపొమ్మన్నారు. మూడో ఏడు గాని నోరు విప్పలేదది. విప్పాక మరొకదాన్ని ముట్టుకుంటే ఒట్టు. తప్పు పళ్ళేనిది కాదమ్మా, నా చెవిది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, ఇక వాయించలేను. దాన్ని చేసినాయన పోయారని మొన్ననే తెలిసింది. కడిగించి ఆయన తాలూకు వాళ్ళ చేతిలో పెట్టి, అన్న మాట వెనక్కి తీసుకుందామని వచ్చాను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆయన వాళ్ళెవరైనా ఇక్కడ ఉన్నారా తల్లీ?"

ఆ రోజు ఆ మూసలోని కంచుతో పదకొండు పళ్ళేలు పోశారు. ఏది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. మీరెక్కడైనా డ్రమ్ముల దగ్గర, కర్ర తీసేశాక కూడా ఆగకుండా మోగే కంచును వింటే, ఒక్కసారి ఆ మేస్త్రిని తలుచుకోండి. మూత అనకుండా.