రోడెల్ మొదటి అసలు ఫైటు

"కట్!" అంది సాన్వి.

గరాజ్‌లో రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డ రోడెల్ మగ్తిబాయ్ నొచ్చుకున్నాడు.

"ఎందుకూ? ఈ డైలాగుకి మనీలాలో కుర్చీలు విరిగేవి."

"డబ్లిన్‌లో కుర్చీలు సిటీవి అంకుల్. విరిగితే ఫైన్ వేస్తారు. మీరు ఓటు అడుగుతున్నారు, విలన్ని చంపడం లేదు. గుమ్మంలో నిలబడి అలా కళ్లెర్రజేస్తే జనం తలుపేసుకుని నైన్ వన్ వన్‌కి కాల్ చేసి పోలీసుల్ని పిలుస్తారు."

రోడెల్ ఒకప్పుడు ఫిలిప్పీన్స్ సినిమాల్లో యాక్షన్ హీరో. అరవై సినిమాలు చేశాడు. అన్నిట్లోనూ ఒంటిచేత్తో ముఠాల్ని మట్టి కరిపించాడు. జుట్టు పలచబడి వేషాలు తగ్గాక, నర్సుగా పనిచేసే భార్య లూస్ వెంట కాలిఫోర్నియాలోని ఈ డబ్లిన్‌కి వచ్చేశాడు. ఇప్పుడు సిటీ కౌన్సిల్ సీటుకి నిలబడ్డాడు. సినిమావాళ్లు రాజకీయాల్లోకి దూకడం వాళ్ల దేశంలో వింత కాదు. ఆ మాటకొస్తే మనకీ కాదు.

ఎదుటి అభ్యర్థి తెలుగాయన, రాజీవ్. పెద్ద టెక్ కంపెనీలో డైరెక్టర్. ఆయన ప్రచారమంతా భార్య రాగిణి చేతిలోనే ఉంది. ఊరంతా బోర్డులు పాతించింది. వాట్సాప్ గ్రూపుల్ని ఊపేసింది. "మావారు ముందు కౌన్సిల్, తర్వాత మేయర్, ఆ తర్వాత మీరే చూస్తారుగా!" అని ప్రతి పాట్‌లక్ విందులోనూ చెప్పేది. రాజీవ్ పక్కన నిలబడి పకోడీలు తినేవాడు.

తెలుగువాళ్ల ఓట్లన్నీ అటే. రోడెల్ ఆశ వదిలేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఈ తెలుగు పిల్ల తనంతట తనే వచ్చి తలుపు కొట్టింది. కాలేజీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటోందట.

"మీకు వాలంటీర్ కావాలి. నాకు ఎక్స్‌పీరియెన్స్ కావాలి" అంది. కొన్ని కండిషన్లు పెట్టింది. ఫోటోల్లోకి రాదు. స్టేజీ ఎక్కదు. తన పేరు ఎక్కడా వేయకూడదు.

"మా హీరోయిన్ల కండిషన్లకంటే ఇవి చాలా నయం" అని రోడెల్ ఒప్పేసుకున్నాడు. అప్పట్నుంచీ ఆమెని 'డైరెక్టర్' అనే పిలుస్తున్నాడు.

"నిజం చెప్పండి అంకుల్. అసలు ఎందుకు నిలబడ్డారు?" అడిగింది సాన్వి.

రోడెల్ ఛాతీ పొంగించాడు. "ప్రజల కన్నీళ్లు..."

"కట్!"

పొంగిన ఛాతీ దిగిపోయింది. పక్కనున్న పెయింట్ డబ్బా బోర్లించి దాని మీద కూలబడ్డాడు.

"లూస్ పనిచేసే నర్సింగ్ హోమ్ ముందు రోడ్డు దాటడానికి సిగ్నల్ లేదు. పోయినేడాది వానలో కారు గుద్దింది. ఇప్పటికీ కుంటుతూనే డ్యూటీకి వెళ్తుంది. సినిమాల్లో నేను కదిలే రైలు మీంచి దూకి ఎంతమందిని కాపాడానో! ఆ రోజు మాత్రం ఇంట్లో సోఫాలో పడుకుని నా పాత సినిమానే చూసుకుంటున్నాను."

ఈసారి సాన్వి కట్ చెప్పలేదు.

"ఇదే చెప్పండి. ఇంకేం చెప్పొద్దు" అంది మెల్లగా.

డిబేట్‌కి ముందు ఆఖరి పాఠం కూడా చెప్పింది.

"రాజీవ్ ఏ ప్రాబ్లమ్‌కైనా యాప్ చేద్దామంటాడు. మీరు తొందరపడకండి. ముందు ఆయన్ని ఆ మాట అననివ్వండి."

"నీకెలా తెలుసు?"

"ఆ టైప్ నాకు తెలుసు అంకుల్."

డిబేట్‌కి సాన్వి హాల్లోకి రాలేదు. పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చుని ఫోన్లో లైవ్ చూసింది. రోడ్డు సిగ్నల్ సంగతి రాగానే రాజీవ్ మైకు అందుకున్నాడు. "దానికి మనం ఒక యాప్ డెవలప్ చేద్దాం" అన్నాడు. ముందు వరుసలో రాగిణి ఒక్కతే చప్పట్లు కొట్టింది.

రోడెల్ లేచాడు. చేతులు నడుం మీద పెట్టలేదు. కళ్లెర్రజేయలేదు.

"నా భార్య రోడ్డు దాటేటప్పుడు ఆమె చేతిలో ఫోన్ ఉండదు. అన్నం డబ్బా ఉంటుంది" అన్నాడు. కారు గుద్దిన సంగతి చెప్పాడు. సోఫా సంగతీ దాచలేదు. సగంలో ఆగిపోయాడు. అరవై సినిమాల్లోనూ ఆయన అంత బాగా చేసిన సీను లేదు. ఎందుకంటే ఇక్కడ ఏమీ చేయలేదు. వెనక వరుసల్లో తెలుగు ఆంటీలు ముక్కులు చీదారు. మర్నాటికల్లా ఆయన వాళ్లకి 'రోడెల్ భాయ్' అయిపోయాడు.

గెలిచాడు. బొటాబొటీగానే అయినా గెలిచాడు.

ఆ సాయంత్రం ఫిలిప్పీన్స్ వాళ్ల బేకరీలో పార్టీ. రోడెల్ కుర్చీ ఎక్కాడు.

"సినిమాల్లో వందలమందిని పడగొట్టాను. వాళ్లంతా పడినందుకు డబ్బు తీసుకున్నవాళ్లే. నా దెబ్బకి నిజంగా పడ్డ మొట్టమొదటి మనిషి రాజీవ్!"

ఒకటే ఈలలు. లూస్ కళ్లు తుడుచుకుంది.

అప్పుడే లోపలికొస్తున్న రాజీవ్ చెవిన ఆ మాట పడనే పడింది. రోడెల్ నాలిక్కరుచుకుని కుర్చీ దిగాడు. రాజీవ్ ఏమీ అనుకోలేదు. తెచ్చిన పూలగుత్తి చేతికిచ్చి, గట్టిగా కావలించుకున్నాడు. ఓడినవాడు అంత ప్రేమగా కావలించుకోవడం రోడెల్ ఏ సినిమాలోనూ ఎరగడు.

"ఎంత పెద్దమనిషో చూడు!" అన్నాడు లూస్‌తో.

రాజీవ్ బయటికొచ్చాడు. అటూ ఇటూ చూశాడు. పార్కింగ్ లాట్ చివర ఆపి ఉన్న కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటూ, డ్రైవింగ్ సీట్లో ఉన్న సాన్వితో, "అడగ్గానే ఓడించిపెట్టి నన్ను బతికించావు తల్లీ, ఈ సంగతి మీ అమ్మకి మాత్రం జన్మలో చెప్పకు" అన్నాడు.