ఏడో సాక్ష్యం

"లెగరా, పాస్టరుగారు పిలుస్తన్నారు" అంటూ దయాసాగర్ కొడుకు భుజం తట్టాడు.

శామ్సన్ లేవలేదు. మోచేతి మడతను గోళ్లతో రక్కుకుంటున్నాడు.

వాడు మత్తు ఇంజక్షన్లు మానేసి ఆరు నెలలైంది. రోలుగుంట నుంచి రావికమతం దాకా ఆదివారానికో చర్చిలో ఆ కథంతా వాడిచేత సాక్ష్యంగా చెప్పిస్తున్నాడు తండ్రి. ఇది ఏడోది.

"నావల్ల కాదు నాన్నా. సూది మాటెత్తితే సాలు, ఒళ్లు లాగేస్తంది. సెప్పినప్పుడల్లా ఇంకా ఎక్కువైపోతంది."

"ఆర్నెల్లయ్యేక ఇంకా ఏట్రా? నీకు విశ్వాసం సాల్లేదు."

"ఆస్పత్రిలో డాక్టరమ్మని అడిగేను. మెదడుని ఎదిగించే పదార్థం ఒకటుంటాదంట, ఎరువులాగ. సదువు ఒంటబట్టినా, మత్తు మరిగినా మెదడులో ఆ అలవాటు దారిని బలపరిసేది అదేనంట. మానేసేక కూడా కొన్నాళ్లు పెరుగుతాదంట. గుర్తుసేసుకున్న కొద్దీ కోరిక లెగుస్తాదంట."

ఫ్యాక్టరీకి నరికి పంపేసిన చెరకు, నీళ్లు తగలగానే మోడులోంచి మళ్లీ చిగిర్చి కార్శి తోటగా లేవడం ఏటా చూస్తున్న రైతే దయాసాగర్.

"మరి ఇన్నాళ్లూ సెప్పలేదేట్రా?"

"నువ్వు ముందు వరసలో కూకుని సంతోషంతో ఏడుస్తావు కదా నాన్నా."

మైకులో మళ్లీ శామ్సన్ పేరు పిలిచారు. లేవబోయిన కొడుకును భుజం నొక్కి కూర్చోబెట్టి, దయాసాగరే వెళ్లి మైకు పట్టుకున్నాడు.

"అందరికీ వందనాలు. ఈయేళ సాక్ష్యం నాది" అన్నాడు. "నా కొడుకు మత్తుని మొదలంటా నరికేసేడు. ఆరు ఆదివారాలుగా ఆ మోడుకి నీళ్లు పెడతన్నది నేనే."