కంపెనీ పేరు లేని తుపాకీ

ముసలాయన దుప్పటి విప్పి తుపాకీని షూటింగ్ క్లబ్బు బల్ల మీద పెట్టగానే అక్కడ పనిచేసే డూలీ పగలబడి నవ్వాడు.

"గ్లెన్, ఇటు రా! ఎవరో రొట్టెపిండి పిసికి తుపాకీకి అంటించారు!"

గ్లెన్ మాకీ నారింజరంగు చొక్కా సర్దుకుంటూ వచ్చాడు. జింకల వేట మొదలవడానికి ముందు శనివారం అది. ఊళ్ళో తుపాకీ ఉన్న ప్రతివాడూ క్లబ్బు మైదానంలో గురి సరిచూసుకునే రోజు. మైదానం బాధ్యత గ్లెన్‌ది. ఆ రోజు అక్కడ అతని మాటే చట్టం.

తుపాకీ నిజంగానే వింతగా ఉంది. పట్టుకునేచోట కొయ్య ఒక పక్కకు ఉబ్బి, మధ్యలో గుంటపడి ఉంది. ట్రిగ్గరు ఉండాల్సిన చోట లేదు, బాగా వెనక్కి ఉంది. గొట్టం మీద కంపెనీ పేరు లేదు.

"ఏ కంపెనీది పెద్దాయనా?"

"మా వంటిల్లు, బాబూ."

వరసలో నిలబడ్డవాళ్ళంతా గొల్లుమన్నారు.

"పెనం మీద కాల్చారా, ఓవెన్‌లో పెట్టారా?" అన్నాడు డూలీ.

ముసలాయన కూడా నవ్వాడు. "కొయ్యను పొయ్యి పక్కనే ఆరబెట్టాను. ఏడాది పట్టింది."

గ్లెన్ నవ్వలేదు. ఇంట్లో చేసిన వస్తువంటే అతనికి పడదు.

నాలుగేళ్ళ కిందట పాత ఇనప సామాన్లు పోగేసి, కట్టెలు చీల్చే మిషను తనే తయారుచేశాడు. "కొనడమెందుకు, నేను చేస్తా చూడు" అని భార్య దగ్గర గొప్పలు పోయాడు. ఆ మిషను కూతురు టెస్ కుడిచేతి మూడు వేళ్ళు తీసుకుపోయింది. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

అప్పటినుంచీ ఇంట్లోకి కంపెనీ సరుకు తప్ప మరొకటి రానివ్వలేదు. కూతురు మళ్ళీ తనతో అడవికి రావాలని మూడు తుపాకులు కొన్నాడు. మూడూ ఆమె చేతిలో ఇమడలేదు.

"పర్లేదులే నాన్నా, నువ్వెళ్ళు" అనేది టెస్, ప్రతి ఏడూ.

గ్లెన్ బల్ల మీది తుపాకీని వేలితో వెనక్కి నెట్టాడు.

"ఇది ఇక్కడ కాల్చడానికి వీల్లేదు."

"అదేం బాబూ? మా పెరట్లో బల్లకు బిగించి, దూరంనుంచి తాడు లాగి ఇరవైసార్లు పేల్చాను. ఎక్కడా వెంట్రుకంత చీలిక లేదు. గురి చూడ్డమొక్కటే మిగిలింది. మా ఇంటి దగ్గర అంత ఖాళీ లేదు."

"కంపెనీ పేరు లేని తుపాకీ ఈ గీత దాటదు. అది మా రూలు."

అలాంటి రూలేదీ లేదు. ఆ సంగతి డూలీకీ తెలుసు. వంగి బూట్లకంటిన మంచు దులుపుకున్నాడు.

"ఇది నాక్కాదు బాబూ, ఇంకొకరికి చేశాను. పదిహేనో తారీకున వేట మొదలు, ఆలోగా అందాలి."

"ఇంకొకరికా! రేపు ఇది పేలి వాళ్ళ వేళ్ళు ఎగిరిపోతే నువ్వొచ్చి అతికిస్తావా? చేతకాని పనులు చేసి మనుషుల ప్రాణాల మీదికి తేవడం! ఈ వయసులో ఇంట్లో కూర్చుని బొమ్మలు చెక్కుకోరాదూ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ముసలాయన గ్లెన్ చొక్కా మీద కుట్టి ఉన్న 'మాకీ' అన్న పేరు చూశాడు. తలెత్తి మొహం చూశాడు.

"మీరన్నదీ నిజమే" అని తుపాకీని మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని, మంచులో మెల్లగా తన ట్రక్కు వైపు నడిచాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర గ్లెన్ ఈ సంగతి గొప్పగా చెప్పబోయాడు. ఎదురుగా టెస్ రెండు వేళ్ళతో ఫోర్కు పట్టుకుని ఉంది. మాట మార్చి, కురుస్తున్న మంచు సంగతెత్తాడు.

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం ఒక పెద్దావిడ పొడవాటి పెట్టె మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"టెస్ మాకీ అంటే నువ్వేనా అమ్మా? నేను ఐనార్ పక్కింటిదాన్ని. మంగళవారం ఆయన పోయాడు, గుండె ఆగి. ఇది నీకు చేర్చమని ముందే చెప్పి ఉంచాడు."

టెస్ పెట్టెను రెండు చేతులా అందుకుంది. "ఆదివారం ఫోన్లో మాట్లాడాడే! పెట్టె సర్దేశానన్నాడే!"

"ఎవరే ఈ ఐనార్?" అన్నాడు గ్లెన్.

"నీకు చెప్తే ఒప్పుకోవని చెప్పలేదు నాన్నా. చేతులు దెబ్బతిన్నవాళ్ళకి ఇంట్లోనే తుపాకులు చేసిపెడతాడు. వేసవిలో నా చెయ్యి బంకమట్టిలో అచ్చుతీసి పంపాను."

ఆమె పెట్టె తెరిచింది. లోపల, శనివారం గ్లెన్ వేలితో వెనక్కి నెట్టిన తుపాకీ.

టెస్ తుపాకీకున్న గడియలాంటి బోల్టు లాగి, లోపల గుండు లేదని చూసుకుని, ఆ ఉబ్బిన కొయ్య మీద అరచెయ్యి పెట్టింది. బొటనవేలు గుంటలో కూర్చుంది. చిటికెనవేలు వెతుక్కోకుండానే వెళ్ళి ట్రిగ్గరు మీద ఆగింది.

భుజానికెత్తుకుని కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్లకేసి చూసింది. నాలుగేళ్ళుగా ఆ మొహాన గ్లెన్ చూడని నవ్వు.

"నాన్నా, శనివారం మీ మైదానానికే వెళ్తానన్నాడు. నువ్వక్కడే ఉన్నావుగా, చూశావా?"

గ్లెన్ చూపు తిప్పుకున్నాడు.

పెట్టె అడుగున నాలుగు మడతల కాగితం ఉంది. టెస్ దాన్ని విప్పి పైకి చదివింది.

"అమ్మాయీ, శనివారం వెళ్ళాను గాని చలికి ఓపిక చాలక కాల్చకుండానే వచ్చేశాను, తప్పు నాదే, మొదటి గుండు మీ నాన్నచేత కాల్పించు, ఇంకొకరి వేళ్ళ కోసం అంత భయపడే మనిషిని నేనింతవరకూ చూడలేదు."