కొత్త పటంలో లైబీరియా

చర్చి పెద్దలకు చెప్పేది. నా పేరు ఆర్థీలియా బ్రాస్‌వెల్. వయసు ఎనభై ఒకటి. అలబామాలో, మన చర్చి వెనక ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. చదువు రాదు. మన చర్చి పరిచారకుడు, డీకన్, రాస్తున్నాడు. ఒక్క మాట మార్చాడో, అందరి ముందూ కడిగేస్తాను.

మనం తలా ఒక దేశం కోసం ప్రార్థిస్తాం కదా. మనవరాలు రొవీనా అక్కడ నర్సు కాబట్టి లైబీరియాని నేనే అడిగి తీసుకున్నాను. పేరు చదవలేను గనక గోడ మీది పటంలో చోటు చూపించారు. రోజూ పొద్దున్నే అక్కడ వేలు పెట్టి ప్రార్థించేదాన్ని.

ఈస్టరుకి ఇంకా పెద్ద పటం తగిలించారు. నేను పాత ఎత్తులోనే వేలు పెట్టాను. మొన్న డీకన్ చూసి, "పెద్దమ్మా, అది గినీ. లైబీరియా కింద ఉంది" అన్నాడు.

లైబీరియాలో యుద్ధం. నాలుగు నెలలుగా పిల్ల జాడ లేదు. నల్లవాళ్ళని చంపే తెల్ల ముసుగులవాళ్ళు మా నాన్న కోసం తలుపు బాదిన రోజు కూడా ఇంత భయపడలేదు.

ఇవాళ ఉత్తరం వచ్చింది. రొవీనా సరిహద్దు దాటి గినీ చేరింది. క్షేమం. డీకన్ నవ్వి, "చూశావా, నీ వేలు తప్పు చోటికి పోలేదు పెద్దమ్మా. ఆదివారం స్తుతి కూటం పెడదాం" అన్నాడు.

పెట్టొద్దు. ఉత్తరం చివర్న ఇంకో మాట ఉంది. నడవలేని రోగులు ముప్ఫైమంది లైబీరియాలో పిల్ల పనిచేసిన ఆసుపత్రిలోనే ఉండిపోయారు. వాళ్ళ మీంచి వేలు తీసింది నేనే. వాళ్ళు బతికున్నారని తెలిసేదాకా నా ఎదుట ఎవరూ హల్లెలూయా అనొద్దు.

నేను గీసిన గుర్తు: ×
సాక్షులు: డీకన్ లూథర్ టాలీ, ఎస్సీ మే గ్రిగ్స్