శనిగ్రహం కనిపించిన సాయంత్రం

“సరిగ్గా చూడవే! అందరికీ కనిపించింది, నీ ఒక్కదానికే ఎందుకు కనిపించదు?”

సైన్సు టీచరు గొంతు పెంచేసరికి బడి డాబా మీద గోల సద్దుమణిగింది. టెలిస్కోపు ముందు నిలబడిన పిల్ల బిక్కమొహం వేసింది. ప్రతిదానికీ “ఎందుకు?” అని ప్రాణం తోడేస్తుందని ఆ పిల్లకు క్లాసులో ‘ఎందుకమ్మ’ అని పేరు పడింది.

ఆ టెలిస్కోపు కోసం టీచరు ఏడాదిపాటు హెడ్‌మాస్టరు చెవిలో జోరీగలా పోరింది. చివరికి ఆయన తెప్పించి, “శనిగ్రహం చూపించే పూచీ మీదే” అంటూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టీచరు చాలాసేపు మరలు అటూ ఇటూ తిప్పింది. కన్ను ఆనించి, “అబ్బ, ఆ వలయాలు చూడండర్రా!” అంది. వరసలో వచ్చిన ప్రతివాళ్లూ “అబ్బ!” అన్నారు. హెడ్‌మాస్టరూ అన్నాడు.

“చీకటి తప్ప ఏమీ లేదు టీచర్,” అంది ఎందుకమ్మ మళ్లీ.

హెడ్‌మాస్టరు గొంతు సవరించుకున్నాడు.

“ఇంకోసారి చూడు,” అంది టీచరు పళ్లబిగువున.

పిల్ల చూసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“కనిపించింది టీచర్.”

“ఆ, అలా చెప్పు!”

ఆ తర్వాత ఆ పిల్ల నోట “ఎందుకు” అన్న మాట రాలేదు. క్లాసు హాయిగా సాగిపోతోంది. ఆ హాయే టీచరుకు గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

వారం గడిచాక, ఆలుగడ్డ ముక్క మీద అయోడిన్ చుక్క వేసి రంగు ఎలా మారుతుందో చెప్పమంది టీచరు. ఎందుకమ్మ చుక్క వేయకుండానే తలెత్తింది.

“ఏ రంగు కనిపించిందని చెప్పాలి టీచర్?”

టీచరుకు తల కొట్టేసినట్టయింది. పిల్లను వరండాలోకి పిలిచింది.

“నీకు ఏది కనిపిస్తే అదే చెప్పాలమ్మా.”

“నా కళ్లు మంచివి కావు కదా టీచర్! ఆ రోజు మీతో అబద్ధం చెప్పాను. నాకేమీ కనిపించలేదు. ఇంటికెళ్లి ఏడిస్తే నాన్న కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయనేమో ఏ లోపమూ లేదన్నాడు. పాపం, ఆయనకు తెలిసుండదు.”

ఆ పిల్లవైపు చూడటానికి టీచరుకు మొహం చెల్లలేదు. తలుపు తెరిచే ఉంది. లోపల క్లాసంతా చెవులు రిక్కించి వింటోంది. అయినా ఆమె గొంతు తగ్గించలేదు.

“డాక్టరు సరిగ్గానే చెప్పాడు,” అంది టీచరు.

“ఆ సాయంత్రం నాకూ ఏమీ కనిపించలేదమ్మా.”