గడప దగ్గర కూర్చున్న అతిథి

యాంగ్డోల్ వంతు నడుస్తుండగానే ఆ ముసలాయన దిగాడు.

ఆ లద్దాఖ్ ఊళ్ళో యాత్రికుల్ని ఇళ్ళకి వంతులవారీగా పంపుతారు. వచ్చింది ఒక్కరైనా పదిమందైనా వంతు వంతే. పొయ్యి దగ్గర టీ తాగాడంటే ఆ ఇంటి అతిథి అయినట్టే, వంతు పక్కింటికి పోయినట్టే.

యాంగ్డోల్ ఈ వంతు మీదే ఆశలన్నీ పెట్టుకుంది. వచ్చే వారం బొంబాయి నుంచి పెద్ద బృందం వస్తోంది. షవరూ, నీళ్ళు పోసే మరుగుదొడ్డీ ఉంటే ఏటా తనవాళ్ళని ఇక్కడికే పంపుతానని ఏజెంటు మాటిచ్చాడు. కొత్త స్నానాలగదులకి తెల్ల టైల్స్ పడ్డాయి. బోరు తవ్వే బండి పెరట్లోకి వచ్చి నిలబడింది.

సరిగ్గా అప్పుడే ఈయన. మాసిన ఉన్ని అంగీ, భుజాన సంచీ.

"జూలే నోమో," అని దణ్ణం పెట్టి, చెల్లెల్ని పిలిచినట్టు పిలిచాడు. "ఈ రాత్రికి చోటుందా?"

గోడవతల నుంచి పక్కింటి కుంజెస్ పకపకా నవ్వింది.

"లద్దాఖీవాడు లద్దాఖ్‌లో టూరిస్టట! నీ పంట పండిందే యాంగ్డోల్. త్వరగా టీ పోసెయ్. బొంబాయివాళ్ళని నేను చూసుకుంటాలే."

యాంగ్డోల్‌కి ఒళ్ళు మండింది.

అతిథిని పొయ్యి పక్కన పైచోట కూర్చోబెట్టడం ఆనవాయితీ. ఆయన మాత్రం చెప్పులు విడిచే చోట, గడప దగ్గర చతికిలబడ్డాడు.

"అక్కడ కాదు అజాంగ్, పైకి రండి," అంది, పెద్దాయన కదా అని.

"నాకు ఇదే చోటు."

మర్యాద తెలియని మనిషి అనుకుందామె.

"పేరు?"

"థర్గ్యాస్. మాది తాంగ్‌మర్."

"స్నానం చేస్తారా?"

"ఒక్క చెంబు నీళ్ళు చాలు. దొడ్డికి నీళ్ళక్కర్లేని పాత మట్టిదే చూపించు." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "బోరు ఎక్కడ వేస్తున్నావు? ఊరి ఊటకి పైనా, కిందా?"

"పైనే. ఇంటి వెనక."

ఆయన ముఖం పాలిపోయింది.

"వద్దు నోమో. ఊట పోతుంది. ఊట పోతే ఊరు పోతుంది. వచ్చేవాళ్ళకి మట్టిదొడ్డే చూపించు. చెంబు చేతికియ్యి. ఎందుకో చెప్పు. వినేవాళ్ళు వింటారు."

"విననివాళ్ళు?"

"రాకపోతే పోనీ."

"రాకపోతే నా పిల్లల చదువు మీరు చెప్పిస్తారా?"

"నా మాట ఒక్కసారి..."

"నా వంతు తినడానికి వచ్చింది చాలక బోరు కూడా ఆపమంటారా! అసలు మీరెవరు?"

ఆయన సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

పొయ్యి మీద టీ మరుగుతోంది. యాంగ్డోల్ దాన్ని దించి అవతల పెట్టేసింది.

"ఇక్కడ చోటు లేదు. కింద ఊరికి వెళ్ళండి."

టీ పొయ్యకుండా మనిషిని పంపడం ఆ ఇంట అదే మొదటిసారి. ఆమెకి సిగ్గేసింది. అయినా వంతు మిగిలింది.

ముసలాయన "జూలే" అని సెలవు తీసుకుని లేచాడు. పెరట్లో బోరు బండి దగ్గర ఒక్క క్షణం ఆగాడు. బండి నడిపే మోరుప్ ఆయన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. యాంగ్డోల్ చూసింది గానీ పట్టించుకోలేదు.

బోరు పడింది. బొంబాయివాళ్ళు పొద్దునా సాయంత్రం షవర్ల కింద నిలబడి ఆహా అన్నారు. ఆ వేసవంతా యాంగ్డోల్ కాళ్ళు నేల మీద ఆనలేదు.

మరుసటి వేసవికి ఊట సన్నబడింది. ఆ మీదటి వేసవికి చెమ్మ కూడా లేదు. బార్లీ చేలు వెన్ను తీయకముందే ఎండిపోయాయి. బోరు గాలి కక్కింది. ఏజెంటు తనవాళ్ళని పక్క లోయకి మళ్ళించి, ఫోనెత్తడం మానేశాడు.

కుంజెస్ ఇప్పుడు నవ్వడం లేదు.

"నీ టైల్స్ మీద పండించవే బార్లీ!" అని గోడవతల నుంచి ఏడ్చింది.

యాంగ్డోల్‌కి ముసలాయన గుర్తొచ్చాడు. ఊట పోతుందని అంత గట్టిగా చెప్పినవాడికి, దాన్ని తిరిగి తెచ్చుకునే దారి కూడా తెలిసే ఉంటుంది. కాళ్ళు పట్టుకునైనా తీసుకొచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టాలనుకుంది.

తాంగ్‌మర్ వెళ్ళడానికి మోరుప్‌ని బతిమాలి అతని జీపెక్కింది. ముసలాయన గురించి అడిగితే, "వచ్చి నువ్వే చూడు అక్కా," అన్నాడు.

తాంగ్‌మర్‌లో ఒక్క ఇంటి మీదా పొగ లేదు. కుక్క కూడా అరవలేదు. చేలు బీటలు వారి ఉన్నాయి.

"ఆయన ఇల్లేది?"

"పోయిన చలికాలం చనిపోయాడు అక్కా."

యాంగ్డోల్ ఖాళీ ఇళ్ళకేసి చూసింది.

"నా బండి ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊరికి అతిథిగా వచ్చేవాడు," అన్నాడు మోరుప్. "బోరు వద్దని చెప్పేవాడు. ఒక్కరూ వినలేదు. నేనూ వినలేదు."

"మరి ఈ ఊరికేమైంది?"

మోరుప్ చెయ్యెత్తి చూపించాడు. ఎండిపోయిన ఊటకి పైన పెద్ద ఇల్లు. వెనక తుప్పు పట్టిన బోరు గొట్టం. తలుపులూడిన స్నానాలగదుల్లో తెల్ల టైల్స్.

"ఈ లోయలో నేను తవ్విన మొదటి బోరు అదే."

గుమ్మం మీద బోర్డు ఒకటి వంకరగా వేలాడుతోంది. యాంగ్డోల్ దాని మీది దుమ్ము అరచేత్తో తుడిచి చదివింది: థర్గ్యాస్ గెస్ట్ హౌస్, ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు.