మూతి కుట్టేసిన జేబు

కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డకు గుండుసూదితో గుచ్చిన చీటీ: "నాలుగింటికి వస్తారు. ఇచ్చెయ్."

అక్క తన కోసం తనే రాసుకున్న చీటీ అది. ఈ మధ్య అన్నిటికీ చీటీలే. కత్తెరకు ఒకటి, తాళానికి ఒకటి, నాకు ఫోన్ చెయ్యాలని ఒకటి.

"నిజంగానే కొట్టు మూసేస్తావా?"

"ఎవరి కోటో పాడుచేసి తిట్లు తినేదాకా ఉండమంటావా? నీ పని నువ్వు చూడవే."

నా పని, అక్క ఫోన్లో ఉన్న కొలతల కార్డులన్నీ వీధి చివరి దర్జీకి అందేలా చెయ్యడం. ఆ యాప్ నేనే రాశాను, పదేళ్ళ కిందట, ఆబ్జెక్టివ్-సి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న రోజుల్లో. ప్రపంచం మొత్తం మీద దాన్ని వాడేది మా అక్క ఒక్కతే.

మొదట్లో అందులో కొలతలే ఉండేవి. రెండేళ్ళ కిందట అక్క అడిగింది, "ఒక్కొక్కరి గురించి రెండు ముక్కలు రాసుకోడానికి చోటు పెట్టవే" అని. ఒక ఆదివారం హడావిడిగా పెట్టి ఇచ్చాను.

గొడవ అప్పుడే మొదలైంది.

"నేను రాసింది కనబడట్లేదే."

"సేవ్ నొక్కి ఉండవు."

"నొక్కానే."

"నొక్కాననుకుని ఉంటావు."

తన కళ్ళముందే ఒకటి రాసి, సేవ్ నొక్కి, తెరిచి చూపించాను. ఉంది. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

అక్క కాగితం చింపి మొదటి చీటీ రాసుకుంది.

అమ్మకూ ఇలాగే మొదలైంది. పొయ్యి ఆర్పాననుకునేది, ఆర్పేది కాదు. ఆఖరికి మా ఇద్దరిలో ఎవరు పెద్దో మమ్మల్నే అడిగింది. ఆ సంగతి అక్కా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చీటీలు మాత్రం పెరుగుతూ పోయాయి.

ల్యాప్‌టాప్‌లో పాత కోడ్ తెరిచాను.

మనం తయారుచేసిన కార్డును ఫోన్ ఉన్నదున్నట్టు దాచుకోలేదు. పేరు, మెడ, భుజం, ఛాతీ, ఒక్కొక్కటీ విడదీసి బైట్లుగా మూట కట్టాలి. మళ్ళీ కావాలంటే ఆ మూటలోంచి ఒక్కొక్కటీ తీసి కార్డును తిరిగి నిలబెట్టాలి. కట్టే వరసలూ విప్పే వరసలూ, రెండూ మనమే రాయాలి.

కట్టేచోట ఏడు వరసలున్నాయి. విప్పేచోట ఆరు.

మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే.

లేనిది ఏడోది. అక్క రాసుకునే ఆ రెండు ముక్కల్నీ బయటికి తీసేది.

యాప్ నడుస్తున్నంతసేపూ రాసింది కనబడుతుంది. ఫోన్ ఒకసారి ఆగి వెలిగిందంటే మాయం. నేను గొప్పగా చూపించిన రోజున ఫోన్ ఆగలేదు, అంతే.

"అక్కా, పాత కార్డులు ఎప్పుడైనా దిద్దావా?"

"ఛ. పాత కొలత దిద్దకూడదు. మనిషి మళ్ళీ వస్తే కొత్త కార్డే. పని నేర్పినావిడ మొదటిరోజే చెప్పింది."

ఎవరో ఆ మహాతల్లికి దండం పెట్టుకున్నాను. దిద్ది ఉంటే, ఆ ముక్కలు లేని కార్డునే ఫోన్ మళ్ళీ మూట కట్టేది, పాత మూటలో ఉన్నవీ పోయేవి.

ఏడో వరస రాశాను. యాప్‌ను ఫోన్లోకి మళ్ళీ ఎక్కించి అక్క చేతికిచ్చాను.

అక్క కళ్ళజోడు పెట్టుకుంది.

"'వడ్రంగి. కుడి భుజం బలం, చంక దగ్గర వదులు ఉంచాలి.'" పైకే చదివింది. "'టీచరమ్మ. మెడ బిగిస్తే ఊపిరాడదంటుంది.' 'కొత్త డాక్టరు. జేబులు లోతుగా.'"

ఆగింది.

"ఇవన్నీ నేను రాసినవే."

"నువ్వు రాసినవే. ఒక్కటీ పోలేదు. తప్పు నాదక్కా. లోపల దాచే వరస రాసి, బయటికి తీసే వరస మర్చిపోయాను. నొక్కానన్న ప్రతిసారీ నువ్వు నిజంగానే నొక్కావు."

అక్క కళ్ళజోడు మీంచి నన్ను చూసింది.

"జేబు కుట్టి, దాని మూతి కూడా కుట్టేశావన్నమాట."

"అన్నమాట."

మెళ్ళో ఉన్న టేపు తీసి వీపు మీద ఒక్కటి వేసింది. నవ్వుతూనే వేసింది.

"రెండేళ్ళుగా! పొద్దున లేవగానే నీ పేరు గుర్తుందో లేదో చూసుకునేదాన్నే."

నాకు ఏడుపు ఆగలేదు. అక్క తన కొంగుతోనే నా ముఖం తుడిచి, "సరేలే, మర్చిపోవడం నీ వంతా?" అంది.

ముక్కు ఎగబీలుస్తూ ఫోన్ తీసుకుని కార్డులు ఒక్కొక్కటే పైకి తోస్తున్నాను. నాది వచ్చింది.

"అది తెరవకు" అంది అక్క.

"ఎందుకు?"

"తెరవకంటే తెరవకు."

అంటే అందులో ఏం రాసిందో పొల్లుపోకుండా గుర్తుందన్నమాట, మా మతిమరుపు అక్కకు!

తెరిచాను.

"చెల్లి. ఎడమ భుజం అరంగుళం దిగింది, కంప్యూటర్ ముందు వంగి వంగి. చెప్పొద్దు, బెంగ పెట్టుకుంటుంది. లోపల ప్యాడ్ వెయ్యాలి."

నాకు కొట్లో కొన్న బట్టలేవీ నప్పవు, అక్క కుట్టినవే నప్పుతాయి. అందరితో ఆ మాట చెప్పుకుని మురిసిపోతూ ఉంటాను.

తలుపు చప్పుడైంది. నాలుగయింది, మిషన్ కోసం వచ్చారు.

అక్క చీటీ పీకి నలిపి, గుమ్మం దగ్గరికి వెళ్ళింది. "ఏమనుకోకండి, ఇవ్వట్లేదు. ఇంకా చాలా కుట్టాల్సి ఉంది."

వెనక్కి వచ్చి నా ఎడమ భుజం మీద చెయ్యి వేసింది. టేపు పెట్టనే లేదు.

"కొత్త కార్డు తెరువు. ఇప్పుడు ముప్పావు అంగుళం."

రాశాను. సేవ్ నొక్కాను. ఫోన్ పూర్తిగా ఆపి, మళ్ళీ వెలిగించాను.

తలలు ఆనించుకుని ఇద్దరం తెర మీదికి వంగాం.

"ఉందే" అంది అక్క.